రోరీని ఇంకెన్నాళ్ళు అడుగుతారు? ఒలింపిక్ కమిటీకి, గోల్ఫ్ సమాఖ్యకు ఒక బహిరంగ లేఖ

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పెద్దలకు, అంతర్జాతీయ గోల్ఫ్ సమాఖ్య పెద్దలకు,

నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నాకు గోల్ఫ్ ఆడటం రాదు. చూడటం మాత్రం వచ్చు. ఒక మనిషి గడ్డిలో నడిచి, ఆగి, కొట్టి, మళ్ళీ నడవడాన్ని నాలుగు రోజుల పాటు ఏం చూస్తావు అని ఇంట్లో వాళ్ళు విసుక్కుంటూనే ఉంటారు, నేను చూస్తూనే ఉంటాను. ఇన్నేళ్ళుగా చూస్తున్నవాడిగా కడుపులో ఉన్న మాట ఒకటి మీ ముందు పెట్టాలనిపించింది. ఆటగాడి పేరు పక్కన మీరు అతికించే ఆ చిన్న జెండా గురించి.

జెండా తీసేయమని అడగడానికి రాలేదు, కంగారు పడకండి. నేనూ జెండా చూసి ఊగిపోయినవాణ్ణే. 2021 ఆగస్టు 7, శనివారం, టోక్యో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ గోల్ఫ్ చివరి రౌండు. మూడు రౌండ్లు అయ్యేసరికి అదితి అశోక్ రెండో స్థానంలో ఉంది. తెల్లారకముందే లేచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళమ్మే కేడీ, ఆ ఎండలో కూతురి బ్యాగుతో పాటు నడుస్తోంది. నిన్నటి దాకా బర్డీకి (హోల్‌కు పెట్టిన లెక్క కంటే ఒక షాట్ తక్కువ), బోగీకి (ఒక షాట్ ఎక్కువ) తేడా తెలియని వాళ్ళంతా "ఇప్పుడు ఏం జరిగితే మనకు మెడల్ వస్తుంది?" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. చివరి హోల్లో ఆ అమ్మాయి బర్డీ కోసం మెల్లగా దొర్లించిన బంతి లోపలికి పోలేదు. ఒక్క షాట్ తేడాతో నాలుగో స్థానం. ఆ రోజంతా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అదే అమ్మాయి వేరే ఏ టోర్నీలో నాలుగో స్థానంలో వచ్చినా నేను హాయిగా టిఫిన్ తిని పడుకునేవాణ్ణి. కాబట్టి జెండా మనిషిని ఏం చేస్తుందో నాకు తెలుసు, నా దగ్గర ఆ రుజువు ఉంది.

ఏ జెండా కింద ఆడాలన్న విషయంలో అదితికి చిక్కేమీ లేదు. ఒకే దేశం, ఒకే జెండా. నా గొడవంతా చిక్కు ఉన్నవాళ్ళ గురించి.

గోల్ఫ్ స్టార్ రోరీ మెకిల్‌రాయ్‌నే తీసుకోండి. 1989లో నార్తర్న్ ఐర్లండ్‌లోని (ఐర్లండ్ ద్వీపంలో బ్రిటన్ కింద ఉన్న ఉత్తరం ముక్క) హోలీవుడ్‌లో పుట్టాడు (సినిమాల ఊరు కాదు, దీని స్పెల్లింగులో ఒక ఎల్ తక్కువ). కొడుకు ఆట ఖర్చు కోసం నాన్న బార్‌లో పనిచేస్తూ, స్పోర్ట్స్ క్లబ్‌లో శుభ్రం చేసే పని చేస్తూ ఒకటికి మించిన ఉద్యోగాలు చేశాడు, అమ్మ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసింది. క్యాథలిక్ కుటుంబం, చుట్టూ ఎక్కువమంది ప్రొటెస్టంట్లున్న ఊరు. 1972లో, మతం అడిగి మనిషిని చంపే రోజుల్లో, రోరీకి తాత వరస అయ్యే ఒకాయనను బెల్‌ఫాస్ట్‌లో కాల్చి చంపారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లాడిని మైకు ముందు నిలబెట్టి "ఇంతకీ నువ్వు ఎటు?" అని అడిగితే అది స్పోర్ట్స్ పేజీలో నింపుకునే ప్రశ్నలా ఉండదు. ఆ ప్రశ్నకు ఎవరికి ఏ జవాబు చెప్పాలో ఆలోచించుకుని మాట్లాడటం అక్కడివాళ్ళకు చిన్నప్పుడే అలవాటవుతుంది.

1998లో, అతనికి ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు, గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. అందులో ఒక మాట ఉంది, నాకు చాలా ఇష్టం. నార్తర్న్ ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళు తమను ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, లేదంటే రెండూ అనుకోవచ్చు. రెండు పౌరసత్వాలూ పెట్టుకోవచ్చు. ముప్పై ఏళ్ళ రక్తపాతం తర్వాత, ఒకరి ముఖం ఒకరు చూడటానికే ఇష్టపడని వాళ్ళు ఒక గదిలో కూర్చుని తేల్చుకున్న మాట అది. బ్రిటన్, ఐర్లండ్ రెండు ప్రభుత్వాలూ సంతకం పెట్టాయి. ఆ "రెండూ" అనే గడి మీ ఎంట్రీ ఫారంలో లేదు. అంతే నా ఫిర్యాదు, మిగతాదంతా దీనికి వివరణే.

తమాషా ఏంటంటే గోల్ఫ్‌లో ఈ గొడవ ఎప్పుడో తీరిపోయింది. గోల్ఫింగ్ యూనియన్ ఆఫ్ ఐర్లండ్ పుట్టింది 1891లో. ఆ ద్వీపం మధ్యన సరిహద్దు గీత పడింది 1921లో. సంఘం వయసు గీత కంటే ముప్పై ఏళ్ళు ఎక్కువ, అందుకే గీత పడ్డాక కూడా వాళ్ళు సంఘాన్ని రెండు ముక్కలు చేసుకోలేదు. ఇప్పటికీ ఉత్తరం వాళ్ళూ దక్షిణం వాళ్ళూ ఒకే సమాఖ్య కింద ఆడతారు, 2021 నుంచి దాని పేరు గోల్ఫ్ ఐర్లండ్. రోరీ చిన్నప్పటి నుంచి వేసుకున్న టీమ్ చొక్కా ఆ సంఘానిదే. ప్రొఫెషనల్ అయ్యాక వరల్డ్ కప్‌లో గ్రేమ్ మెక్‌డొవెల్‌తో కలిసి ఆడిందీ ఐర్లండ్ పేరుమీదే, ఇద్దరిదీ నార్తర్న్ ఐర్లండే అయినా. అప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. మామూలు టూర్ టోర్నీల్లో మాత్రం అతని పేరు పక్కన నార్తర్న్ ఐర్లండ్ జెండా ఉంటుంది. యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్ వస్తే యూరప్ నీలం జెండా. ఒకడే మనిషి, మూడు జెండాలు, ఎవరూ చచ్చిపోలేదు.

మరి చిక్కు ఎక్కడ మొదలైంది? 2009లో మీరు గోల్ఫ్‌ను తిరిగి ఒలింపిక్స్‌లోకి తేవాలని ఓటేసినప్పుడు. 1904 తర్వాత 2016లోనే మళ్ళీ ఆడించారు, మధ్యలో 112 ఏళ్ళు. తేవడం తప్పనడం లేదు. కానీ ఆ రోజు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాడి వెంట "బ్రిటనా, ఐర్లండా?" అన్న ప్రశ్న పడింది. 2012లో ఒక ఇంటర్వ్యూలో బ్రిటన్ వైపు దగ్గరితనం ఎక్కువ అనిపిస్తుందన్న అర్థంలో ఒక మాట అన్నాడు, గోల మొదలైంది. గోల చల్లార్చడానికి అతను అప్పుడు రాసింది కూడా ఒక బహిరంగ లేఖే: నేనింకా ఏమీ తేల్చుకోలేదు, ఐరిష్ గోల్ఫ్ నన్ను పెంచింది, ఆ గర్వం నాకుంది అని. ఆలోచించండి, గోల్ఫ్‌లో మేజర్లనే అతిపెద్ద టోర్నీల్లో రెండు, యూఎస్ ఓపెన్, పీజీఏ చాంపియన్‌షిప్, గెలిచేసిన ఇరవై మూడేళ్ళ కుర్రాడు, నేను ఎవర్నో ఇంకా తేల్చుకోలేదు మహాప్రభో అని జనానికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది.

2013లో మీలోనే ఒకాయనకు జాలేసింది. గోల్ఫ్ నియమాలు చూసే ఆర్ అండ్ ఏ సంస్థ అధిపతి పీటర్ డాసన్, రోరీ ఇదివరకు వరల్డ్ కప్‌లో ఐర్లండ్‌కు ఆడాడు కాబట్టి నియమం ప్రకారం ఐర్లండ్‌కే ఆడాలని తేలొచ్చు, అలా ఆ భారం అతని నెత్తి మీంచి దించేయొచ్చు అన్నట్టు మాట్లాడారు. నాకు ఆ ఆలోచన నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. కానీ అది మాటగానే మిగిలింది. 2014లో రోరీయే బయటపడి ఐర్లండ్‌కు ఆడతానన్నాడు. 2016లో జికా వైరస్ కారణం చెప్పి అసలు ఆటకే రానన్నాడు. ఆ పైన, ఒలింపిక్స్‌లో అసలైన ఆటలు అథ్లెటిక్స్, ఈత లాంటివే, టీవీలో వాటినే చూస్తానన్న ధోరణిలో మాట్లాడి అందరి చేతా తిట్లు తిన్నాడు. నేనూ తిట్టాను. పొగరు అనుకున్నాను. ఏడాది తిరగకుండానే, 2017 జనవరిలో, ఒక ఇంటర్వ్యూలో అసలు సంగతి చెప్పాడు. నువ్వు ఎవరో తేల్చుకో అని నన్ను నిలదీసే పరిస్థితికి తెచ్చినందుకు ఒలింపిక్స్ అంటే నాకు కోపం పెరిగింది అని. అది చదివాక నా తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. మీ వైపు నుంచి ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు.

అదే మనిషి 2021లో టోక్యో వెళ్ళాడు, ఐర్లండ్ చొక్కాతో. కాంస్యం కోసం ఏడుగురు ప్లేఆఫ్ ఆడారు. అతనికి రాలేదు, తైవాన్ ఆటగాడు సి.టి. పాన్‌కు వచ్చింది. మూడో స్థానం కోసం జీవితంలో ఇంతలా ఎప్పుడూ పోరాడలేదు అని నవ్వుతూ చెప్పాడు. నాకనిపించేది ఏంటంటే, ఆట మీద అతనికి కోపమెప్పుడూ లేదు. ఉన్నదల్లా ఆ గడి మీదే.

ఇక్కడ ఇంకో పేరు చెప్పాలి. స్టెఫనీ మెడో. ఆమెదీ నార్తర్న్ ఐర్లండే. 2016, 2021, 2024 మూడు ఒలింపిక్స్‌లోనూ ఐర్లండ్‌కు ఆడింది. ఆమె ఎటు అన్న మీద ఇంత రభస నేనెక్కడా చదవలేదు. అంటే ప్రశ్న గుర్తింపుదీ కాదు, చట్టానిదీ కాదన్నమాట. స్టార్ అయితేనే అడుగుతారు. మేజర్లు గెలిచినవాడు ఏ దేశం ఖాతాలో పడతాడో అన్న లెక్క అది.

లెక్క అన్నాను కాబట్టి మీ లెక్కే చూద్దాం. ఒలింపిక్స్‌లో మొత్తం 60 మంది. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 15 మందిలో ఉంటే ఒక దేశం నుంచి నలుగురు దాకా రావచ్చు, అది దాటితే ఇద్దరే. 2024లో యూఎస్ ఓపెన్ గెలిచిన బ్రైసన్ డిషాంబోకు ప్యారిస్ టికెట్ దొరకలేదు, అమెరికా నలుగురూ నిండిపోయారు. ఇంకో పక్క దక్షిణాఫ్రికాలో పుట్టిన రోరీ సబ్బటీనీ భార్య దేశమైన స్లొవేకియా పౌరసత్వం తీసుకుని, టోక్యోలో చివరి రోజు ఆటను 61 షాట్లలోనే ముగించి ఆ దేశానికి వెండి పతకం తెచ్చాడు. దాన్ని నేను తప్పు పట్టను, పెళ్ళి చేసుకున్న దేశం కూడా మనిషికి దేశమే. కానీ ఆ జెండా చూసి "స్లొవేకియాలో గోల్ఫ్ ఇంత బాగుందా!" అనుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఆ రోజు బంగారం జాండర్ షాఫెలేది. జెండా అమెరికాది. ఆ పతకం వెనక ఎవరున్నారో చూడండి. నాన్న స్టెఫాన్ జర్మనీలో డెకాథ్లాన్ (పది అథ్లెటిక్స్ పోటీలు కలిపిన ఆట) ఆటగాడు, ఒలింపిక్స్ కల కంటుండగా తాగి బండి నడిపినవాడు గుద్దేసి ఒక కన్ను పోయింది, కల అక్కడితో ఆగిపోయింది. అమ్మ తైవాన్‌లో పుట్టి జపాన్‌లో పెరిగింది. అమ్మమ్మ తాతయ్యలు టోక్యోలోనే ఉంటారు. కొడుకు బంగారం గెలిచిన కోర్సు ఆ టోక్యో పక్కనే. మీ పట్టికలో మాత్రం అమెరికా గడిలో ఒకటి పెరిగింది. లిడియా కో సియోల్‌లో పుట్టి, న్యూజిలాండ్‌లో పెరిగి, న్యూజిలాండ్‌కే వెండి, కాంస్యం, చివరికి 2024లో బంగారం, మూడూ తెచ్చిపెట్టింది. సెప్ స్ట్రాకా వియన్నాలో పుట్టాడు, అమ్మ అమెరికన్, పద్నాలుగో ఏట నుంచి జార్జియాలో పెరిగాడు, అమెరికా దక్షిణాది యాసలో మాట్లాడుతూ రైడర్ కప్‌లో అమెరికాను ఓడించడానికి యూరప్ తరఫున దిగుతాడు. ఇతని ఇంటర్వ్యూ వింటుంటే నాకు భలే సరదాగా ఉంటుంది.

జెండా వట్టి బొమ్మే కదా, ఎందుకింత రాద్ధాంతం అంటారేమో. కొరియా ఆటగాళ్ళని అడగండి. ఒలింపిక్స్‌లో ఏదో ఒక పతకం, లేదా ఏషియన్ గేమ్స్ బంగారం వస్తే తప్ప మగవాళ్ళకు సైన్యం పని తప్పదు. బే సాంగ్-మూన్ మినహాయింపు కోసం కోర్టుకెక్కి ఓడిపోయాడు. 2015లో ప్రెసిడెంట్స్ కప్ (అమెరికాతో, యూరప్ కాని మిగతా దేశాల జట్టు ఆడే పోటీ) కొరియాలోనే జరిగింది, సొంత జనం ముందు, చివరి మ్యాచ్, చివరి హోల్, దగ్గర నుంచి లేపి కొట్టిన అతని చిప్ షాట్ సరిగ్గా తగలక బంతి వెనక్కి దొర్లుకుంటూ వచ్చేసింది. టీమ్ ఒక్క పాయింట్‌తో ఓడింది. కొన్ని వారాలకే అతను క్లబ్బులు పక్కన పెట్టి సైన్యంలోకి వెళ్ళాడు, మళ్ళీ వచ్చేసరికి 2017. ఇమ్ సంగ్-జే, కిమ్ సి-వూ టోక్యోలో పతకం తేలేకపోయారు, 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ టీమ్ బంగారంతో బయటపడ్డారు. వాళ్ళకు జెండా అంటే దాదాపు రెండేళ్ళ జీవితం.

ఇంకొకరి కథ చెప్పకుండా ఉండలేను. పాప్వా సెవ్‌గోలమ్. దక్షిణాఫ్రికాలో పుట్టిన భారతీయ మూలాల మనిషి, కేడీగా మొదలుపెట్టి, చేతులు తారుమారుగా పట్టుకునే పద్ధతిలో తనే ఆట నేర్చుకున్నాడు. డచ్ ఓపెన్ మూడుసార్లు గెలిచాడు, 1959, 1960, 1964. మధ్యలో 1963లో సొంత దేశంలో, డర్బన్‌లో, నటాల్ ఓపెన్ గెలిచాడు. క్లబ్‌హౌస్ లోపలికి తెల్లవాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. లోపల ఓడిపోయినవాళ్ళు పొడిగా ఉన్నారు, గెలిచినవాడు బయట వానలో నిలబడి ట్రోఫీ అందుకున్నాడు. 1965లో అదే టోర్నీలో గ్యారీ ప్లేయర్‌నే ఓడించాడు. ఆ తర్వాత ప్రభుత్వం అతన్ని టోర్నీలకు దూరం పెట్టింది, పాస్‌పోర్టు కూడా లాగేసుకుంది. ఆ గ్యారీ ప్లేయర్ అమెరికా వెళ్తే 1969 పీజీఏ చాంపియన్‌షిప్‌లో వర్ణవివక్షను నిరసించేవాళ్ళు ముఖం మీద ఐసు ముక్కలు విసిరారు, ఒక్క షాట్‌తో టైటిల్ పోయింది. ఒకే దేశం ఇద్దరికీ. ఒకడికి ఆ జెండా దొరకలేదు, ఇంకొకడికి ఆ జెండా వదల్లేదు.

జెండా గొడవ ముదిరితే ఎలా ఉంటుందో 2025 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బెత్‌పేజ్‌లో చూశాం. రైడర్ కప్. రోరీ ప్రతి షాట్‌కూ బూతులు. అతని భార్య మీద బీరు గ్లాసు విసిరారు. ఆవిడ అమెరికన్. దేశభక్తితో విసిరిన గ్లాసు వెళ్ళి సొంత దేశం ఆడపడుచుకు తగిలింది, ఇంతకంటే నేనేం రాయాలి. యూరప్ 15–13తో గెలిచింది, అది వేరే ఆనందం.

అలాగని జనం ఎప్పుడూ అలా ఉండరు. 2019 జులై, పోర్ట్‌రష్, నార్తర్న్ ఐర్లండ్. 1951 తర్వాత అక్కడికి బ్రిటిష్ ఓపెన్ రావడం అదే. రోరీ పదహారేళ్ళప్పుడు ఆ కోర్సులో 61 కొట్టాడు, ఊరంతా అతని కోసమే వచ్చింది. మొదటి హోల్లో మొదటి షాటే నేరుగా కోర్సు హద్దు దాటి అవుట్ ఆఫ్ బౌండ్స్. నాలుగు కొట్టాల్సిన హోల్లో ఎనిమిది. ఆ రోజు 79. మర్నాడు 65 కొట్టినా చివరి రెండు రోజులు ఆడేవాళ్ళను తేల్చే కట్‌ను ఒక్క షాట్‌తో తప్పాడు, చీకటి పడే వేళ గొంతు పూడుకుపోయి మాట్లాడలేకపోయాడు. ఆ రెండో రోజు జనం అతన్ని మోసినట్టు మోశారు. ఆదివారం గెలిచింది షేన్ లౌరీ, సరిహద్దుకు అటుపక్క, ఐర్లండ్ దేశంలోని ఆఫలీ నుంచి వచ్చినవాడు, ఆరు షాట్ల తేడాతో. ఇటుపక్క ఊళ్ళో, వానలో, ఐర్లండ్ మూడు రంగుల జెండాలు ఊపుతూ జనం అతన్ని సొంత పిల్లాడిలా ఊరేగించారు. ఆ రోజు ఆ జనానికి ఎవరూ ఫారం ఇవ్వలేదు.

సరే, అడగాల్సింది అడిగేస్తాను. 2028లో లాస్ ఏంజెలెస్‌లో, రివియెరా కోర్సులో మళ్ళీ ఆడిస్తున్నారు, ఈసారి మగా ఆడా కలిసి జట్టుగా ఆడే పోటీ కూడా పెట్టారు. దానికి ముందే ఒక చిన్న మార్పు చేయండి. ఆటగాడు ఏ సమాఖ్య కింద పెరిగాడో, కుర్రాడిగా ఎవరి చొక్కా వేసుకున్నాడో, ఆ సమాఖ్య పేరే ఆటోమేటిక్‌గా పడేలా పెట్టండి. వద్దనుకున్నవాడు మీకు ఒక ఉత్తరం రాసి మార్చుకుంటాడు, ఆ ఉత్తరం మీ బీరువాలో ఉంటుంది. ఒక దేశానికి ఆడి ఇంకో దేశానికి మారాలంటే మూడేళ్ళు ఆగాలన్న నియమం ఎలాగూ ఉంది, దుర్వినియోగం భయం అక్కర్లేదు. "నేను ఫలానా దేశాన్ని ఎంచుకున్నాను" అని ఎవరూ మైకు ముందు ప్రకటించాల్సిన పని ఉండకూడదు. ఎంచుకోకపోవడం కూడా ఒక జవాబుగా చెల్లాలి. చట్టమే రెండూ అనుకోమన్నవాళ్ళకు కనీసం ఆ మర్యాద దక్కాలి.

ఇంకో కోరిక కూడా ఉంది, ఇది మీరు ఒప్పుకోరని తెలుసు. ఆ మగా ఆడా జట్టు పోటీలో రెండు దేశాల వాళ్ళు కలిసి ఆడే వీలు ఒక్కసారి ఇచ్చి చూడండి. యూత్ ఒలింపిక్స్‌లో వేర్వేరు దేశాల పిల్లల్ని ఒకే జట్టులో మీరే ఆడించారు, ఆకాశం ఊడిపడలేదు.

నన్ను ఆదర్శవాది అనుకోకండి. మీ చరిత్రలోనే ఉంది. 1900లో ప్యారిస్‌లో మార్గరెట్ అబట్ అనే అమ్మాయి తొమ్మిది హోల్స్ 47లో ముగించి గెలిచింది. కలకత్తాలో పుట్టిన అమెరికన్, ప్యారిస్‌లో ఉంటూ ఆ టోర్నీ ఏదో బాగుందని వాళ్ళమ్మతో కలిసి వెళ్ళి ఆడింది. బహుమతిగా పింగాణీ గిన్నె ఇచ్చారు. అది ఒలింపిక్స్ అని ఎవరూ చెప్పలేదు. 1955లో చనిపోయేదాకా, ఒలింపిక్ చాంపియన్ అయిన మొదటి అమెరికన్ మహిళ తనేనని ఆవిడకు తెలియనే తెలియదు.

ఇట్లు,
మీ టీవీ ముందు కూర్చునేవాడు

తా.క. నా బండారం నేనే బయటపెట్టుకుంటాను. 2023 సెప్టెంబరులో సాహిత్ తీగల కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు "మన తెలుగోడు గెలిచాడు" అని పోస్టు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పుట్టిందీ పెరిగిందీ కాలిఫోర్నియాలో, అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు. మరుసటి ఏడాది ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా చొక్కా వేసుకుంటే ఒక మిత్రుడు "ఇదేంట్రా, మనవాడన్నావు?" అని అడిగాడు, జవాబు చెప్పలేక నవ్వేశాను. అంతకు ముందు నెలలోనే టూర్ చాంపియన్‌షిప్‌లో బంకర్ అనే ఇసుక గుంటలోంచి కొట్టడానికి క్లబ్ వెనక్కి తీస్తుంటే ఇసుక తగిలినట్టుందని, ఎవరూ చూడకపోయినా తనే అధికారిని పిలిచి చెప్పి రెండు షాట్ల పెనాల్టీ నెత్తిన వేసుకున్నాడు. అది చూసి ఆ రాత్రే మళ్ళీ పోస్టు పెట్టాను, మనవాడే అని. ఇంకా తీసేయలేదు.